ప్రభువు పనే, కానీ అది నా పనేనా?

బ్రదర్, వందనాలు.

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో మీరే చూడండి. మీకు 34 ఏళ్లు. ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీస్, ఆదివారం సండే స్కూల్ క్లాసు, ఆపైన ఆరాధన, మధ్యలో ఎవరింట్లోనో గృహ కూడిక. ఇన్ని చేస్తున్నా ప్రొద్దున్నే వాక్యం చదవడానికి ఇరవై నిమిషాలు దొరకడం లేదు. రాత్రి ఫోన్ పట్టుకుంటే గంట తెలియకుండా పోతోంది. పడుకునే ముందు దేవుని ఎదుట దోషిలా అనిపిస్తోంది. "సమయాన్ని సద్వినియోగం చేసుకోమని వాక్యమే చెబుతోంది కదా, రోజూ నాలుగింటికి లేవడం మొదలుపెట్టనా? మంచి యాప్ ఏదైనా ఉందా?" అన్నారు.

నాలుగింటికి లేవకండి. కనీసం ఇప్పుడప్పుడే వద్దు.

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. అందులో ఇరవై ఏళ్లు సంఘానికి కోశాధికారిగా, సంఘ పెద్దగా ఉన్నాను. లెక్కలో చిన్న తేడా వచ్చినా నిద్ర పట్టని మనిషిని, నా గంటలకు మాత్రం ఏనాడూ పుస్తకం పెట్టలేదు. నలభై దాటాక ఒకసారి పెట్టాను, అదీ మా ఆవిడ వల్ల. ఏదో మాట్లాడాలి, అరగంట కూర్చో అని రెండు వారాలుగా అడుగుతోంది. ఖాళీ లేదంటూ వచ్చాను. "సంఘం డబ్బుకు నెలనెలా లెక్క చెబుతావు, నీ ఖాళీ ఎక్కడికి పోతోందో ఒక్క వారం రాసి చూపించు" అంది. పంతానికి పోయి రాశాను.

వారానికి 168 గంటలు. ఉద్యోగం, రాకపోకలు కలిపి 61. నిద్ర 39, అంటే రాత్రికి ఐదున్నర గంటలు. స్నానం, భోజనం, ఇంటి పనులు 24. టీవీ, పేపరు, ఊరికే కూర్చోవడం 17 (అప్పటికి చేతుల్లోకి ఈ ఫోన్లు రాలేదు, వచ్చి ఉంటే ఆ అంకె రాయడానికి చెయ్యి ఆడేది కాదు). సంఘం పనులు 19. ఎటు పోయాయో తెలియనివి 8.

టీవీని చూసి నేరస్థుడు దొరికాడనుకున్నాను. కానీ ఆ 17 గంటల్లో ఎక్కువ భాగం రాత్రి తొమ్మిదిన్నర దాటాక, ఏదో ఒక కూటం నుంచి వచ్చి చతికిలబడ్డ సమయమే. ఇంకేం చేయడానికీ ఓపిక లేక అలా చూస్తూ కూర్చున్నాను. మీ ఫోన్ గంట కూడా అలాంటిదేనని నా అనుమానం. దాన్ని పాపంగా ఎంచి రోజూ పశ్చాత్తాపపడేకంటే, ఆ అలసట ఎక్కడ మొదలవుతోందో వెతకడం మేలు.

ఇక ఆ 19 గంటల సంగతి. విడదీసి చూస్తే అందులో దాదాపు ఏడు గంటలు ఎదురుచూపులు, ముచ్చట్లు. కూటం ఆరున్నరకన్నారు, ఏడుంబావుకు మొదలైంది. ముగింపు ప్రార్థన అయ్యాక చెప్పులు వేసుకుని గుమ్మంలో ముప్పావు గంట నిలబడ్డాం. నేనొక్కణ్ణే ప్రభువుతో గడిపింది, అక్కడా ఇక్కడా ఏరి కలిపితే, వారం మొత్తానికి 40 నిమిషాలు.

అయితే నన్ను నిజంగా కుదిపింది ఆ అంకె కూడా కాదు. ఆవిడ మాట్లాడాలన్నది మా అమ్మ గురించి. అమ్మకు చూపు తగ్గుతోంది, కంటి డాక్టరుకు చూపించాలి. రెండుసార్లు తేదీ అనుకుని, ఒకసారి సంఘ కమిటీ ఉందని, ఇంకోసారి ప్రత్యేక కూటాల ఏర్పాట్లున్నాయని నేనే వాయిదా వేశాను. మూడోసారి నా కోసం చూడకుండా చెల్లెలు తీసుకెళ్లింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ప్రతిసారీ "దేవుని పని కదా, వెళ్లు నాయనా" అనే పంపింది.

మార్కు 7వ అధ్యాయం అంతకుముందు ఎన్నిసార్లు చదివానో. తల్లిదండ్రులకు చేయాల్సినదాన్ని "కొర్బాను, అనగా దేవార్పితము" అని చెప్పి తప్పించుకునేవాళ్లను ప్రభువు అక్కడ గద్దిస్తాడు. అది పరిసయ్యుల గొడవ అనుకుని పేజీ తిప్పేసేవాణ్ణి. వాళ్లు ఆస్తిని కొర్బాను అన్నారు, నేను సాయంత్రాలను కొర్బాను అన్నాను. మీ సాయంత్రాల్లో కొర్బాను ఎంతుందో నాకు తెలియదు, తెలిసేది మీ భార్యకు. ఈ లెక్క రాయాలనుకుంటే, రాసిన కాగితాన్ని ముందు ఆవిడకే చూపించండి.

మీరు ఎత్తిన వచనం పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 5:16. "సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" అన్న మాట మనం చాలాసార్లు కొరడాలా వాడతాం, ఖాళీ కనబడ్డ చోటల్లా ఇంకో పని కుక్కడానికి. గ్రీకు మూలంలో ఆ క్రియకు కొనుక్కోవడం, విడిపించి తెచ్చుకోవడం అనే అర్థం ఉంది. కొనాలంటే చేతిలోంచి ఏదో ఒకటి ఇవ్వాలి. దేన్నీ వదులుకోకుండా సమయాన్ని కొనే అంగడి ఎక్కడా లేదు. ఆ వెంటనే 17వ వచనంలో పౌలు ఇంకా ఎక్కువ చేయమనడం లేదు, "ప్రభువుయొక్క చిత్తమేమిటో గ్రహించుకొనుడి" అంటున్నాడు. ఎంత చేశావన్నదాని కంటే, ఏది చేయాలో తెలుసుకోవడం ముందు.

యేసు ప్రభువు భూమిమీద ఉన్న రోజులను ఈ కంటితో చూడండి. మార్కు మొదటి అధ్యాయంలో ఒక సాయంత్రం పట్టణమంతా ఆ యింటి వాకిట కూడుకుంది. మర్నాడు ఆయన పెందలకడనే లేచి ఏకాంతంగా ప్రార్థనకు వెళ్లాడు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నారు. మనకు ఆ మాట వినబడితే కాళ్లు నేలమీద ఆగవు. ఆయన మాత్రం వెనక్కి వెళ్లలేదు, పక్క ఊళ్లకు బయల్దేరాడు. ఎవరో ఒకరు ఆ రోజు కూడా ఆ వాకిట్లో ఎదురుచూసే ఉంటారు. చివరికి యోహాను 17లో తండ్రితో "చేయుటకు నీవు నాకిచ్చిన పని" నెరవేర్చానన్నాడు. లోకంలో ఉన్న పనంతా అనలేదు. అప్పటికింకా ఆ దేశంలో కుష్ఠరోగులున్నారు, గుడ్డివాళ్లున్నారు. అయినా ఆయన పని పూర్తయింది. మన అపరాధభావంలో సగం, మనకివ్వని పని చేయలేకపోయినందుకే.

మరి నాకిచ్చిన పని ఏదో ఎలా తెలుసుకోవాలి? పెద్ద దర్శనమేం అక్కర్లేదు. నేను మానేస్తే ఇంకొకరు చేయగలిగినవి ఏవి, చేయలేనివి ఏవి అని చూసుకున్నాను. కోశాధికారి పని ఇంకొకరు చేయగలరు. సండే స్కూల్ ఇంకొకరు చెప్పగలరు. మా అమ్మకు కొడుకుగా, మా ఆవిడకు భర్తగా, మా పిల్లలకు నాన్నగా నిలబడ్డానికి సంఘంలో ఇంకెవరినీ నియమించలేం. తన యింటివారిని ఏలడం తెలియనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడని పౌలు అడిగింది (1 తిమోతి 3:5) పాస్టర్లకేనని అనుకుంటాం, పెద్దలకూ వర్తిస్తుంది. ఇంటికి సమయం ఇవ్వడమంటే సేవ తగ్గించడం కాదు, సేవ అక్కడే మొదలు.

ఆ లెక్కయ్యాక మిగిలిన గంటల్లో సంఘానికి ఒకటి, మహా అయితే రెండు బాధ్యతలు ఉంచుకోండి. మీకు క్వయర్ ఉంది, సండే స్కూల్ ఉంది, గృహ కూడికల ఏర్పాటు కూడా మీదేనన్నారు. అందులో ఏది చేస్తున్నప్పుడు మీ మనసు నిండుతుందో, ఏది కేవలం కాదనలేక మోస్తున్నారో మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి.

కాదనడం దగ్గరే మనవాళ్లందరం ఆగిపోతాం. నిర్గమకాండము 18 తీయండి. మోషే ఉదయం నుంచి సాయంకాలం దాకా కూర్చుని జనానికి తీర్పు తీరుస్తున్నాడు. చేసేది దేవుని పనే, సందేహం లేదు. మామ యిత్రో వచ్చి చూసి "నీవు చేయుచున్నపని మంచిది కాదు" అన్నాడు. (మామగారి సలహా విని బాగుపడ్డ అల్లుళ్ల జాబితా రాస్తే మోషే పేరే ముందు రాయాలి.) యిత్రో చూసింది మోషే అలసట ఒక్కటే కాదు, జనం కూడా నలిగిపోతున్నారన్నాడు. ఒక్కడి దగ్గర వరస కడితే ఆ ఒక్కడితోపాటు వరసలో నిలబడ్డవాళ్లూ నలుగుతారు. వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులు వచ్చాకే పని నడిచింది. నేను కోశాధికారి పని వదలడానికి రెండేళ్లు తటపటాయించాను, నేను లేకపోతే అంతా తారుమారవుతుందని. తర్వాత వచ్చిన కుర్రాడు మూడు నెలల్లో నా పద్ధతిని మార్చేసి, అంతకంటే మంచిది పెట్టాడు. కొంచెం మనసు చివుక్కుమన్న మాట నిజం.

పాస్టరు గారితో మాట్లాడేటప్పుడు ఒక్క జాగ్రత్త. "ఆపేయమని ప్రభువు నాకు బయలుపరిచాడు" అనకండి. ఆ మాటకు ఎదుటివాళ్లు జవాబు చెప్పలేరు, అందుకే అది అన్యాయమైన మాట. "అయ్యగారూ, ఇంట్లో పిల్లలకు నేను చాలడం లేదు. ఈ మూడింటిలో ఒకటి బాగా చేస్తాను. మిగతావి ఎవరికైనా నేర్పి, ఫలానా నెలాఖరుకు అప్పగిస్తాను" అనండి. తేదీ చెప్పండి. నేర్పుతానన్నది నేర్పండి. చెప్పాపెట్టకుండా రావడం మానేస్తే అది విశ్రాంతి కాదు, పారిపోవడం. కొందరికి కోపం వస్తుంది, కొన్ని వారాలు మీ గురించి ప్రార్థన విన్నపాలు కూడా పెడతారు. ఓర్చుకోండి.

ఇక నిద్ర. నాలుగింటికి లేవద్దన్నది ఇందుకే. ఆదికాండము మొదటి అధ్యాయంలో రోజు ఎలా మొదలవుతుందో చూశారా? "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను." ముందు సాయంత్రం, తర్వాత ఉదయం. యూదులు ఇప్పటికీ సూర్యాస్తమయంతోనే విశ్రాంతిదినం మొదలుపెడతారు. అంటే రోజులో మనిషి చేసే మొదటి పని నిద్రపోవడం. మనం లేచేసరికి దేవుడు అప్పటికే పనిలో ఉంటాడు, మనం మధ్యలో వెళ్లి కలుస్తాం. మనం మాత్రం రోజును అలారంతో మొదలుపెట్టి, నిద్రను మిగిలిపోయిన ముక్కగా లెక్కేస్తాం. 127వ కీర్తన వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పడుకుని, కష్టార్జితం తినడం వ్యర్థమే అంటుంది. ఇంత సూటిగా చెప్పిన వచనాన్ని మన కూటాల్లో ఎక్కువగా వినం, అర్ధరాత్రి దాకా సాగే కూటాల్లో అసలే వినం.

ఏలీయా ప్రవక్త సంగతి ఇంకా స్పష్టం. 1 రాజులు 19లో బదరీ వృక్షం కింద చనిపోతానని కూర్చున్నప్పుడు దూత వచ్చి బోధ చేయలేదు. తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం వినబడింది ఆ నిద్ర, ఆ తిండి తర్వాతే. తుపానులో దోనె అమరాన తలగడమీద నిద్రపోయిన ప్రభువుకు సేవకులమని చెప్పుకునే మనం, నాలుగు గంటల నిద్రను భక్తికి కొలతగా చెప్పుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

పెందలకడ లేచి ప్రార్థించడం తప్పని కాదు. కానీ అదే ప్రభువు ఒకసారి రాత్రంతా ప్రార్థించాడు (లూకా 6:12), ఇంకోసారి జనాన్ని పంపేసి సాయంత్రం కొండెక్కాడు (మత్తయి 14:23). దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు. వేళ మీద చట్టమేదీ లేదు. నాలుగింటికి లేవాలని మీకు నిజంగా ఉంటే, ముందు తొమ్మిదింటికి పడుకోవడం కుదురుతుందేమో చూసుకోండి. క్వయర్ నుంచి పదింటికి ఇల్లు చేరే మనిషికి కుదరదు.

ఇరవై నిమిషాలు దొరక్కపోతే పది పెట్టుకోండి. ఒకే చోటు, ఒకే వేళ, ఫోన్ ముట్టుకోకముందు. 6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో ప్రార్థనకు పిలుపు వినబడగానే చేతిలో ఉన్న పని ఉన్నపళంగా వదిలేసి రమ్మన్నాడు. పూర్తి చేసి రమ్మనలేదు. నాకు చాలా పనికొచ్చిన మాట అది. "ఇదొక్కటి అయ్యాక ప్రార్థన చేసుకుందాం" అనుకున్న రోజు ప్రార్థన జరగదు, ఆ "ఒక్కటి" ఎప్పటికీ అవ్వదు. అదే నియమావళి ఎండాకాలానికి, చలికాలానికి పని వేళలు, చదువు వేళలు మార్చింది. మన బతుకుల్లో కూడా కాలాలుంటాయి. మీది చిన్నపిల్లల కాలం. మీ భార్యకు ఆ పది నిమిషాలు దొరకాలంటే అప్పుడు పిల్లల్ని మీరు చూసుకోవాలి. ఇది మీ ప్రశ్నలో లేదు గానీ, మీ ఇంట్లో ఆవిడ ప్రార్థన సమయం సంగతేమిటని అడగకుండా ఉండలేకపోతున్నాను.

ప్లాను వేసుకోవడం విశ్వాసం లేకపోవడమని మీ స్నేహితులెవరో అన్నారన్నారు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే (లూకా 14:28). యాకోబు తన పత్రికలో కాదన్నది లెక్కను కాదు, రేపు మన చేతిలో ఉందన్న ధీమాను. ప్లాను పెన్సిలుతో రాసుకోండి, చాలు.

పెన్సిలుతో అని ఎందుకన్నానంటే, మధ్యలో మనుషులు వస్తారు. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, ప్రభువు అటే వెళ్తున్నాడు, దారిలో పన్నెండేళ్ల రక్తస్రావంతో ఉన్న స్త్రీ ఆయన వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆగాడు, ఎవరు ముట్టుకున్నారని అడిగాడు, ఆమె సంగతంతా విన్నాడు. యాయీరు ఆ నిమిషాలు ఎలా భరించి ఉంటాడో. ఇప్పటిదాకా కాదనడం నేర్చుకోమని చెప్పి, ఇప్పుడు ఆగమంటున్నాడేమిటని మీకనిపించవచ్చు. నేను ఇలా చూసుకుంటాను: కష్టంలో ఉన్న మనిషి ఎదురుపడితే నా ప్లాను చెరిపేయొచ్చు. అలవాటుగా జరిగే కార్యక్రమం కోసం మాత్రం చెరపను. సమరయుడి కథలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసీ పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడికి, లేవీయుడికి ఏ పని ఉందో ప్రభువు చెప్పలేదు. నాకెందుకో వాళ్లు కూటానికి ఆలస్యమైపోతోందని వెళ్లారనే అనిపిస్తుంది. అందుకే వారంలో ఒక సాయంత్రం దేనికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేయండి. మనుషులకు సమయం అందులోంచే వస్తుంది. ఎవరూ రాకపోతే పిల్లలున్నారు.

విశ్రాంతిదినం గురించి ఒక్క సంగతి. నిర్గమకాండము 20లో దేవుడు ఏడో రోజున విశ్రమించాడు కాబట్టి అని కారణం ఉంది. ద్వితీయోపదేశకాండము 5లో కారణం వేరు, నువ్వు ఐగుప్తులో దాసుడివి, అది జ్ఞాపకం ఉంచుకో అంటాడు. దాసుడికి సెలవు ఉండదు. ఆదివారం ఉదయం ఏడు నుంచి రెండు దాకా సంఘంలో పరుగులు పెట్టే మీలాంటివాళ్లకు ఆదివారం ఆరాధన దినమే కానీ విశ్రాంతి దినం కాదు. ఇంకో పూట వెతుక్కోండి, ఆ పూట సంఘం ఫోన్లు కూడా ఎత్తకండి. పాస్టర్లకైతే ఇది మరీ అవసరం, వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఆఫీసు గంటల్లో ఆఫీసు పనే చేయండి. ప్రొద్దున పదకొండుకు గ్రూపులో వాక్యం పోస్టు చేసే జీతగాళ్లను చాలామందిని చూశాను. ఏమి చేసినా ప్రభువు నిమిత్తం మనస్ఫూర్తిగా చేయమని పౌలు కొలొస్సయుల పత్రికలో రాసింది దాసులకు, వాళ్ల పని గురించే.

ఇక యాప్. నేను ఇప్పటికీ గీతల నోటు పుస్తకమే వాడతాను, మీకు ఫోన్లో ఏది అలవాటైతే అది చాలు. రాత్రి ఆ ఫోన్ పడకగది బయట ఛార్జింగ్ పెట్టి, అలారానికి వేరే గడియారం కొనుక్కోండి.

ముందు ఒక వారం లెక్క రాయండి. ఏదీ మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు. ఆ వారం మంచి వాడిగా కనబడదామని ప్రయత్నించకండి, చదివేది మీరూ మీ ఆవిడే. పాస్టరు గారితో మాట్లాడటం తర్వాతి సంగతి. ఈలోగా ఈ శనివారం క్వయర్ ప్రాక్టీస్ అనుకున్న వేళకే మొదలుపెట్టమని మీ లీడరును అడిగి చూడండి, మీరు వెళ్లి పది నిమిషాల ముందే కూర్చోండి. మా సంఘంలో ఈ ఒక్కటి కుదిర్చినందుకే వారానికి గంటన్నర మిగిలింది.